మూడు చుక్కల పీత, తప్పు లేబుల్

పోయిన ఆదివారం కోదాడలో మా జంతుశాస్త్రం మేడం పోయారు. సూర్యాపేటలో మేమంతా పనిచేసి రిటైరైన కాలేజీలోనే సంతాపసభ పెట్టారు. ఆమె బతికుండగా ఒక్క మంచి మాట అనని అప్పటి శాఖాధిపతి మైకు ముందు కళ్లు తుడుచుకున్నాడు. నేను లైబ్రేరియన్‌ని. చదివినవి మరిచిపోయినా, ఇలాంటివి మరిచిపోను.

ఆమె రోజూ కోదాడ బస్సు దిగి నేరుగా నా కౌంటర్ దగ్గరికి వచ్చేవారు. "ఏమండీ, పీతల మీద కొత్తగా ఏమన్నా వచ్చిందా?"

"గీడ వడ్ల మీద తప్ప ఏం రాదు మేడం."

నవ్వేవారు. ఆ నవ్వు కోసమే ఏళ్ల తరబడి జవాబు మార్చలేదు.

ఒకసారి మిర్యాలగూడ మార్కెట్‌లో ఐసు పెట్టెలో దొరికిందని ఒక సముద్రపు పీతను స్టాఫ్‌రూమ్‌కి పట్టుకొచ్చారు. వీపు మీద మూడు ఎర్ర చుక్కలు. చివరి జత కాళ్లు తెడ్లలా పలచగా ఉన్నాయి. "వీటితోనే ఈదుతుందండి. అందుకే పోర్చునిడే కుటుంబంలో చేర్చారు" అన్నారు.

మాకు తెలిసినవి సాగర్ కాలువ కింది పొలాల్లో పీతలు, మేం ఎండ్రికాయలు అనేవి. పొట్టకింద గుడ్లుంటే వండరు, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. ఈ పీత పొట్టకింద కూడా పచ్చటి ముద్ద ఉంది. శాఖాధిపతి తొంగిచూసి, "తల్లి ఎండ్రికాయ. పాపం, అమ్మకుండ ఇడిసిపెట్టాల్సింది" అన్నాడు.

"గుడ్లయితే గింజగింజగా ఉంటాయి సార్. ఇది నున్నటి సంచి. సాక్యులినా అనే పరాన్నజీవి. ఇది మగ పీతండీ."

"మగదానికి కడుపేంది మేడం! కోదాడల గట్లనే అయితదా?"

స్టాఫ్‌రూమంతా నవ్వింది. పీతను సీసాలో పెట్టించి, "ఆడ పీత, గుడ్లతో" అని తనే లేబుల్ అంటించాడు.

ఆ సాయంత్రం ఆమె పుస్తకం అడగలేదు. "ఆ సాక్యులినా పీత ఒళ్లంతా చెట్టు వేళ్లలా పాకి, మగ పీతను ఆడదానిలా మార్చేస్తుందండి. తన గుడ్లే అనుకుని పీత ఆ సంచిని సాకుతుంది. పడవల అడుగున అంటుకునే బార్నకిల్స్ జాతి. వరసకి పీతకి దూరపు చుట్టమే."

"మన హెచ్‌ఓడీ లెక్క" అన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పోతూ పోతూ, "ఒకసారి బందరు వెళ్దామండీ. ఎలా ఈదుతాయో చూపిస్తాను" అన్నారు.

వెళ్లలేదు. సముద్రం గురించి ఒక బీరువా నిండా చదివాను. ఇప్పటికీ చూడలేదు.

సభ అయ్యాక ల్యాబ్‌కి వెళ్లాను. సీసా ఉంది. అదే లేబుల్. ఇప్పుడక్కడ పాఠాలు చెబుతున్నది మేడం శిష్యురాలే. లేబుల్ మార్చమని ఆమెను అడుగుతుంటే మా పాత శాఖాధిపతి వచ్చాడు.

"ఇంకా గదేనా? పోయినామె పోయింది. ఇగ ఇడిసిపెట్టు."

"ఆమె పోయింది. నీ తప్పు ఈడనే ఉంది కద."

శిష్యురాలు సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. "సంచే సార్. మేడం మాకు బోర్డు మీద బొమ్మేసి చెప్పింది" అని లేబుల్‌ను గోటితో గీకడం మొదలుపెట్టింది. అతను బయటికి పోయాడు.

గీకుతుంటే సీసా ఊగింది. లోపల ఆ తెడ్డు కాళ్లు రెండూ మెల్లగా పైకి లేచి, మళ్లీ వాలాయి.

"ఇంకొకసారి ఊపు బిడ్డా" అన్నాను.