కొత్తల పండుగకు కళావతి తెచ్చిన చిప్పు

కళావతి ఏం ఉద్యోగం చేస్తుందో ఊళ్లో ఎవరికీ తెలియదనడం అన్యాయం. అందరికీ తెలుసు, కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తెలుసు. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఆ కోయ గూడెంలో కొందరి లెక్కన ఆమె కరెంటాఫీసులో ఇంజినీరు, ఇంకొందరి లెక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషి. తల్లి రామక్క మాత్రం కూతురు చెప్పిందే అందరికీ చెప్పేది. "నా బిడ్డ వెలుతురును మలుపు తిప్పుతది" అనేది. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. రామక్క నవ్వేది కాదు.

నిజానికి రామక్క మాటే సరైనది. కొన్ని చిప్పుల్లో కరెంటుకు బదులు వెలుతురు పారుతుంది. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని సిలికాన్ కాలువ దానికి దారి. తిన్నగా పోయినంతసేపూ దానితో పేచీ లేదు. మలుపు దగ్గరే తంటా. మలుపు మరీ బిగువుగా ఉంటే వెలుతురు బయటి గట్టును ఒరుసుకుని కొంత కారిపోతుంది. పోనీ అని మలుపును వెడల్పు చేస్తే చిప్పు మీద జాగా అంతా అదే మింగేస్తుంది. చిన్న చోటులోనే, కారకుండా తిప్పాలి. అందుకు ఒక్కసారిగా వంచకూడదు. రైలు పట్టాలు వేసేవాళ్లలాగా మొదట కొద్దిగా వంచి, మధ్యలో బిగించి, మళ్లీ మెల్లగా వదలాలి. ఆ వంపు ఎక్కడ ఎంత ఉండాలో కంప్యూటర్ మీద గీసి, చివరికి ఎంత వెలుతురు మిగులుతుందో లెక్కగట్టడమే కళావతి కొలువు.

ఆశ్రమ పాఠశాలలో చదివి, ఖమ్మంలో ఇంజినీరింగు చేసి, ఆపైన ఇంకా పెద్ద చదువు చదివి, హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో కుదిరింది. ఆఫీసుకు అప్పుడప్పుడు వెళ్తే చాలు గనుక ఖమ్మంలోనే, ఖానాపురం హవేలిలో రెండు గదులు కిరాయికి తీసుకుంది. అదే కంపెనీలో ఆమె కింద పనిచేసే మనోజ్ఞది తల్లాడ, ఆ పిల్లా పక్క వీధిలోనే దిగింది. కళావతి వంపులు గీస్తే, వాటిని చిప్పు మీద ఎక్కడెక్కడ పెట్టాలో అమర్చే పని మనోజ్ఞది. నోరారా అక్కా అని పిలిచేది. ఇంటి నుంచి పచ్చడి వస్తే సగం ఇక్కడికే తెచ్చేది.

కళావతికి పేరు తెచ్చిన పనీ, పరువు తీసిన పనీ ఒకటే. అంతవరకు కంపెనీ వాడుతున్న మలుపుకు పట్టే జాగాలో సగానికే సరిపోయే కొత్త వంపు ఆమె గీసింది. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో వెలుతురు దాదాపు మొత్తం ఆ చివర బయటపడింది. కంపెనీ పెద్ద ఉదయ్ భాస్కర్ మీటింగులో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇంకేం, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, డిజైను ఇంకా ఫ్యాక్టరీకి వెళ్లకముందే కళావతి మనసులో ఆ చిప్పు దేశాలు తిరిగొచ్చింది.

మనోజ్ఞ ఆ కొత్త వంపు పక్కనే కొంచెం వెడల్పు మలుపులు, ఇంకొంచెం వెడల్పువి వరుసగా పెట్టింది. ఆ పనిలో అది మామూలు పద్ధతే. కంప్యూటర్లో కాలువ గట్టు నున్నగా ఉంటుంది, తయారై వచ్చిన గట్టుకు గరుకు ఉంటుంది. ఒక మలుపు చెడితే పక్కది ఆదుకుంటుంది, ఎంతవరకు బిగించవచ్చో కూడా తెలిసొస్తుంది. కళావతి ఆ వరుసను తీసేయమంది. ఆ జాగా నిండా తన వంపులే పేర్పించి, వెలుతురు మెలికలు తిరుగుతూ పోయే పెద్ద చుట్ట ఒకటి పెట్టించింది. చూసేవాళ్లు నోరు తెరవాలని ఆమె ఆశ. ఒక్క రెండన్నా ఉంచుదాం అక్కా అని మనోజ్ఞ బతిమాలింది. నా మీద నమ్మకం లేదా అని కళావతి నవ్వుతూనే అడిగింది. ఆ నవ్వు చూసి మనోజ్ఞ వరుసంతా తీసేసింది.

నెలల తర్వాత చిప్పులు వచ్చాయి. ఒక కొసన లేజరు వెలుతురు పంపితే రెండో కొసన దాదాపు ఏమీ రాలేదు. బిగువు మలుపుల్లో వెలుతురు గట్టు గరుకుకు తగిలి, మలుపు మలుపుకూ కొంత చెదిరిపోయింది. పోల్చి చూద్దామంటే వెడల్పు మలుపు ఒక్కటీ లేదు. వరుస ఏమైందని ఉదయ్ భాస్కర్ అడిగాడు. అమర్చింది మనోజ్ఞ గనుక మనోజ్ఞనే చూస్తూ అడిగాడు. మనోజ్ఞ కళావతి వైపు చూసింది. కళావతి స్క్రీను వైపు చూసింది. గట్లు గరుకుగా వచ్చాయని మాత్రం అంది. అది అబద్ధం కాదు గానీ, ఆ పూట చెప్పాల్సిన మాట అది కాదు.

ఆ వారమే గూడెంలో వడ్ల కొత్తల పండుగ. కొత్త పంటను ముత్యాలమ్మ గద్దె దగ్గర పెట్టనిదే ఆ ఊళ్లో ఎవరూ నోట పెట్టరు. ప్రతి ఇంటివాళ్లూ వడ్లు చెరిగి, ఏరి, గట్టి గింజలే తెస్తారు. పూజ చేసే పగిడయ్య వాటిని అందుకునే ముందు, తాలు లేదు గదా అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. తాలంటే లోపల బియ్యం లేని ఉత్త పొట్టు గింజ. లేదని సొంత నోటితో చెప్పాలి. ఉందేమోనని ఎవరన్నా అంటే, వాళ్లు మళ్లీ చెరిగి తెచ్చేదాకా ఊరంతా కూర్చుని ఆగుతుంది. అది అక్కడి ఆనవాయితీ.

ఈసారి పగిడయ్య రామక్క చేత కబురు పెట్టించాడు. ఆ పిల్ల చేతి తొలి పంట వచ్చిందట గదా, దాన్ని కూడా తెమ్మను అని. చిప్పు వచ్చిందని తల్లికి ఫోన్లో చెప్పింది కళావతే, ఇంకా కొలవకముందు, ఆ సంబరంలో. ఇప్పుడు తేనంటే ఎందుకని తల్లి అడుగుతుంది. పాడైందంటే ఎట్లా పాడైందని అడుగుతుంది. ఆ జవాబు చెప్పాల్సి వస్తుందనే భయంతోనే చిన్న ప్లాస్టిక్ డబ్బీలో చిప్పు పెట్టుకుని బస్సెక్కింది.

పొద్దున గద్దె దగ్గర అందరూ వరుసలో నిలబడ్డారు. కళావతి ముందు భీమక్క ఉంది. పగిడయ్య అడిగితే భీమక్క చేటలోకి ఒకసారి చూసి, రాత్రి తొందరలో చెరిగిన, సరిగ్గ చూసుకోలేదు అంది. ఇంటికి పోయి మళ్లీ చెరిగి తెచ్చింది. అందాకా జనం కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. ఒక్కరూ విసుక్కోలేదు. భీమక్క తిరిగొచ్చి లేదని చెప్పి పక్కకు జరిగింది.

"తాలు లేదు గదా, బిడ్డా?"

కళావతి డబ్బీని ముందుకు చాపింది. వెనక తల్లి నిలబడి ఉంది. "లేదు మామా" అంది.

పగిడయ్య డబ్బీని అందుకుని కొత్త వడ్ల కుప్ప మీద అందరికీ కనబడేట్టు పెట్టాడు. మన పిల్ల చేతి పంట అని కోయ భాషలో గట్టిగా చెప్పాడు. ముసలి చిన్నక్క వంగి వంగి చూసి, ఇందుల వెలుతురు ఏడున్నదే, కనబడదేంది అని ఊరికే అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కళావతి ఉలిక్కిపడి ఏదేదో చెప్పబోయింది. చిన్నక్క అప్పటికే పక్కకు వెళ్లిపోయింది.

ఆకుల్లో కొత్తన్నం వడ్డించారు. మొదటి ముద్ద కళావతికే పెట్టారు. ఆమె దాన్ని ఆకు అంచుకు జరిపేసింది. అంతమంది ముందు తాను దొంగలా కూర్చున్నానని ఆమెకు సిగ్గు వేసింది. చేయి కడుక్కుని, సిగ్నలు దొరికే మిట్ట మీదికి వెళ్లి ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేసింది. వరుస తీయించింది తానేనని చెబుదామని నోరు తెరిచేలోపు ఆయనే అందుకున్నాడు. మీరేం బాధపడకండి, ఆ వరుస తీసేయడం తన పొరపాటేనని మనోజ్ఞ నిన్ననే ఒప్పుకుంది, తర్వాతి చిప్పు పని నుంచి తప్పించేశాను అన్నాడు.

తన పరువు కోసం ఆ పిల్ల ఆ మాట నెత్తిన వేసుకుందని కళావతికి వెంటనే అర్థమైంది. అంతకంటే మనోజ్ఞ తనను నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఈ మాట ఆ రోజే అనాల్సిందండీ" అన్నాడు ఆయన. "ఆ అమ్మాయి మీ ముఖం చూసింది, నేను గమనించాను. మీరేమీ అనకపోయేసరికి అదే నిజమనుకున్నాను."

మనోజ్ఞను మళ్లీ పనిలోకి తీసుకుంటానని, జరిగింది సోమవారం అందరి ముందూ కళావతే ఒప్పుకోవాలని చెప్పి ఫోన్ పెట్టేశాడు. కళావతి మిట్ట దిగి వచ్చేసరికి జనం ఇంకా తింటూనే ఉన్నారు. ఆమె తిన్నగా పగిడయ్య దగ్గరికి వెళ్లింది.

"మామా, నేను తెచ్చింది తాలు. తెలిసే లేదని చెప్పిన."

చుట్టుపక్కల తినేవాళ్లు ఇటు తిరిగారు. పగిడయ్య కోప్పడలేదు. లేచి వెళ్లి, వడ్ల మీద నుంచి డబ్బీ తీసి, కండువాతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"పొద్దుగాల భీమక్క కోసం ఆగినం" అన్నాడు. "నీ కోసం ఆగకపోదుమా, బిడ్డా? ఇంకో పంట దాకా అన్నా ఆగేటోళ్లం."

కళావతికి తల ఎత్తబుద్ధి కాలేదు. రామక్క సగం తిన్న ఆకును దగ్గరికి మడిచి పక్కన పెట్టి లేచింది. ఎందుకు లేచినవని పగిడయ్య అడిగాడు.

"బిడ్డ పంట ఇంకా రాలె, మా ఇంట్ల కొత్తలు కాలేదన్నా. అయినంక తింట" అంది రామక్క.

తల్లి ఇంటి వైపు నడిచింది. కళావతి డబ్బీ పట్టుకుని ఆమె వెనకాలే వెళ్లింది. ఆ పూట వాళ్లింట్లో పాత బియ్యమే వండుకున్నారు.