యెంకక్క పేరు, మా సుబ్బు మామ

మన పాత పేర్లంటే నాకు సిగ్గని మా ఇంట్లో ఎప్పుడో తేల్చేశారు. కాదని చెప్పీ చెప్పీ అలిసిపోయాను.

అందుకే నిన్న పొద్దున కోవిల్‌పట్టి నుంచి అత్త ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ నేను చేసిన యాప్ పేరు గొడవే అనుకున్నాను. విరుదునగర్ బస్సులో ఉన్నాను.

మూడోసారి ఎత్తాను.

"మామ ఇంక లేడు పాపా. షెడ్డులోనే పడిపోయినాడు."

ఎక్కడ దిగానో గుర్తు లేదు.

సుబ్బు మామ అమ్మకు తమ్ముడు. షెడ్డులో నాలుగు పవర్‌లూమ్‌లు, కరెంటు మగ్గాలు. ఏ మగ్గంలో ఎన్నిసార్లు నూలు తెగిందో సుద్దముక్కతో గోడ మీద గీతలు పెట్టేవాడు. ఆ గోడను చూసే, నూలు తెగడాలు లెక్కపెట్టే యాప్ చేశాను.

మా ఇళ్ళలో కొత్త మగ్గానికి చనిపోయిన ఆడమనిషి పేరు పెడతారు. మొదటిసారి నడిపే ముందు అందరూ నిలబడి ఆ పేరు గట్టిగా పిలవాలి.

యాప్ మొదటిసారి నడిపిన రోజు మామ నా లాప్‌టాప్‌కి పసుపు పూసి, కర్పూరం చూపించి, యాప్‌కి తన అవ్వ పేరు పెట్టాడు.

"యెంకక్కా" అని ఎనిమిదిమందిమి లాప్‌టాప్‌ని పిలిచాం. కీబోర్డు సందుల్లో ఆ పసుపు ఇంకా ఉంది.

ఆ పేరు ఆఫీసులో ఎవరికీ నచ్చలేదు. మార్చు, లేకపోతే కాస్త స్టైల్‌గా అయినా పలుకు అన్నారు.

పోయిన నెల విరుదునగర్‌లో డెమో. మైకులో "యెంకా" అన్నాను.

నేను మరిచిపోయాననుకుని, వెనక వరసలోంచి మామ పేరు మొత్తం పిలిచాడు. షెడ్డులో పిలిచినట్టే. హాలంతా నవ్వింది.

అతనెవరని మేనేజర్ అడిగాడు.

"లూమ్ ఆపరేటర్" అన్నాను.

మామ విన్నాడో లేదో తెలీదు. తిరుగు బస్సులో కడలమిఠాయి, అదే పల్లీపట్టీ, ముక్క నా చేతిలో పెట్టాడు.

"నోటికి కష్టంగా వుంటే మార్చు పాపా. అవ్వ ఏమీ అనుకోదు."

తర్వాత కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

ఈ రోజు అమ్మ అంటోంది, "వాడే మార్చమన్నాడు గదా. ఇంక నీకు అడ్డమేముండాది?"

మళ్ళీ తప్పుగానే అర్థం చేసుకుంది. ఆఫీసు పంపిన పేరు మార్పు ఫారం మెయిల్‌లో ఉంది. నింపలేదు.

పోయి పడుకో మామా. నూలు తెగని చోట నీకు శాంతి దొరకాలి.

పేరు మారదు. సోమవారం డెమోలో మొత్తం పిలుస్తాను. ఆ పేరు పెట్టింది మా మామ అని చెప్తాను.