ఆవు పాఠంలో మా అవ్వ

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదు, చేతిలో సెల్‌ఫోన్ ఉండి సిగ్నల్ మాత్రం లేని రోజుల్లో) పిల్లలకు చదువు చెప్పడం చాలా సులువని నమ్మేదాన్ని. మనం అనాలి, వాళ్లు తిరిగి అనాలి, అంతే. కరీంనగర్‌లో మా బాపుతో కొట్లాడి మరీ, జైనూర్ దాటాక కొండల్లో ఉన్న ఓ గూడెం బడికి తాత్కాలిక టీచరమ్మగా వెళ్లాను. ఒకటో తరగతి పిల్లలకు గోండీ తప్ప తెలుగు తెలియదు. నాకు గోండీలో ఒక్క ముక్క రాదు. అయినా ఆవు బొమ్మ పట్టుకుని నేనేం అంటే అది గొంతు పగిలేలా తిరిగి అనేవాళ్లు. నా అంత గొప్ప టీచర్ జిల్లాలోనే లేదని మురిసిపోయాను.

కొన్నాళ్లకు మండల విద్యాధికారి తనిఖీకి వచ్చారు. ఆయన మెచ్చితేనే నా ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే తిరిగి వెళ్లి బాపు ముందు తలదించుకోవాలి. సారు ఆవు బొమ్మ చూపించి, ఏం నేర్చుకున్నారో చెప్పమన్నారు. తరగతంతా లేచి ఒకే రాగంలో అందుకుంది. "ఆవు పాలు ఇస్తుంది. ఆవు గడ్డి తింటుంది. ఒరేయ్, కిటికీలకెల్లి ఏం చూస్తున్నవ్? ముక్కు తుడ్చుకో." అక్కడితో ఆపినా బాగుండేది. అందరూ అరచేయి చెవికి ఆనించుకుని, బడి మొత్తంలో కాస్త సిగ్నల్ దొరికే ఆ కిటికీ దగ్గరికి నడిచి, అచ్చం నా గొంతుతోనే కొనసాగించారు. "అవ్వా, ఇనబడ్తుందా? నాతోని అయితలేదే. గా సారు తనిఖీ చేసి పోంగనే వచ్చేస్త. బాపుకు చెప్పకు."

బెంగ పట్టినప్పుడల్లా పాఠం మధ్యలోనే మా అవ్వకు, అంటే అమ్మకు, నేను చేసుకునే ఫోన్ అది. ఆవు ఎక్కడ అయిపోయిందో, మా అవ్వ ఎక్కడ మొదలైందో వాళ్లకేం తెలుసు? అదంతా పాఠమే అనుకున్నారు పాపం. సారు నవ్వలేదు, కోప్పడలేదు. ఆయనా ఆ కొండల మనిషే. గోండీలో ఏదో అడిగారు. అంతే, ఆ పిల్లలే రాగం మానేసి, ఒకరినొకరు తోసుకుంటూ, చేతులూపుతూ ఎవరి కథ వాళ్లు మొదలుపెట్టారు. వాళ్లు అలా మాట్లాడగలరని నాకు అప్పటిదాకా తెలియదు. నన్ను ఎక్కువ బెదరగొట్టింది అదే.

"ఎవలింట్ల ఆవు ఈనిందో చెప్తుండ్రు," అన్నారు సారు. "నువ్వు చెప్పింది వాళ్లు ఒక్కటి ఇడ్సిపెట్టలే బిడ్డా. ఇగ జర వాళ్లు చెప్పేది నువ్వు ఇను. పోవుడు సంగతి తర్వాత సూద్దాం."

మర్నాడు ఆవు బొమ్మ చూపించి, మీరు దీన్నేమంటారని సైగ చేశాను. చెప్పారు. నేను తిరిగి అన్నాను. తరగతంతా ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత ఒకరి మీద ఒకరు పడి నవ్వింది. ఒక చిన్నపిల్ల మాత్రం నవ్వకుండా వచ్చి, నా గడ్డం పట్టుకుని, నోరెలా తిప్పాలో చూపించింది. ఎర్రబడ్డ చెవులతో ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్న టీచరమ్మను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ తర్వాత ఎన్ని శిక్షణలకు పోయానో గానీ, నాకంత ఓపిగ్గా ఎవరూ పాఠం చెప్పలేదు.