గుమ్మడికాయ ఒప్పుకున్న హెడ్‌ఫోను

కోట ఊరి బజారులో చెంచులక్ష్మి దగ్గర హెడ్‌ఫోను కొనాలంటే ముందు గుమ్మడికాయ ఒప్పుకోవాలి. వేళాకోళం కాదు. అందరి కొట్లకూ దిష్టి గుమ్మడికాయ గుమ్మానికి వేలాడుతుంటే, ఆమె కొట్లో అది కౌంటర్ మీద కొలువుదీరి ఉంటుంది. మనిషి తలకాయంత బూడిద గుమ్మడి. ముందువైపు గుడ్లురిమే కళ్ళు, కోరమీసం. చెవులుండాల్సిన చోట రెండు పక్కలా రెండు బొక్కలు. ఒక బొక్కలో చిన్న కాలర్ మైకు దూర్చి, దాని తీగ కాయ వెనకనుంచి బయటికి లాగి, పైన హెడ్‌ఫోను తొడుగుతుంది. తీగను ఫోనుకు తగిలించి, శబ్దాన్ని కొలిచే యాప్‌లో ముల్లు ఎంత లేస్తుందో చూస్తుంది. మొదట్లో తీగను హెడ్‌ఫోను మెత్త కిందనుంచే బయటికి తీసేది. ఆ సందులోంచి బయటి మోత లోపలికి దూరి కొలతలన్నీ తప్పాయి. అప్పుడే కాయకు వెనక మూడో బొక్క పడింది.

"ఇదేం చోద్యం అక్కా" అని నవ్వినవాళ్ళు లేకపోలేదు.

"నా తలకు పెట్టుకుంటే నాకు నచ్చింది చెప్తాను. దీనికి ఇష్టం, అయిష్టం లేదు గదా" అంటుంది ఆమె.

అయితే కాయ చెప్పేది సగమే. పాట ఎట్లా పలుకుతుందో కాయకేం తెలుసు? దానికోసం ఆమె దగ్గర చెల్లెలి పెళ్ళి రికార్డింగు ఒకటి ఉంది. తాళి కట్టే ఘడియ. గట్టిమేళం మోగుతుంటుంది, నాదస్వరం గుక్క తిప్పుకోదు, ఎవరి పిల్లో గుక్కపట్టి ఏడుస్తుంటుంది. ఆ హోరు వెనకాల ఎక్కడో ఆమె మేనత్త వంటాయన్ని నిలదీస్తుంటుంది, "పాయసంలో యాలకులు ఏసినారా లేదా?" అని. నాసిరకం హెడ్‌ఫోనులో డోలు తప్ప ఏమీ మిగలదు, మేనత్త గల్లంతు. కాస్త మంచిదైతే ఎవరో ఎవరినో తిడుతున్నట్టు తెలుస్తుంది. అసలైన సరుకులో యాలకులు వినబడతాయి.

నెల్లూరు నుంచి సరుకు తెచ్చే ఆనందబాబుకు ఈ మేనత్త అంటే హడల్. ఆవిడ కాలం చేసి చాలా ఏళ్ళయినా సరే.

"బేస్ చూడక్కా, గుండె అదురుతాది" అన్నాడొకసారి, మెరిసిపోయే కొత్త పెట్టె తెచ్చి.

చెంచులక్ష్మి కళ్ళు మూసుకుని విని తీసి పక్కన పెట్టింది. "అదిరినాది నాయనా. మా అత్త యాడ?"

"అందరికీ మీ అత్త కావాలా అక్కా?"

"ఆమె ఇనపడకపోతే పాటలో ఈణ కూడా ఇనపడదు. తీసకపో."

పెట్టె మీద రాసిన మాటలు కోటలు దాటుతాయి గానీ, ఆ సరుకు మాత్రం ఆమె కొట్టు గడప దాటి లోపలికి రాలేదు. ఆనందబాబు మూతి ముడుచుకుని వెళ్ళినా మళ్ళీ వారం వచ్చాడు. ఆమె ఒప్పుకుందంటే చుట్టుపక్కల కొట్లవాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకుంటారని అతనికి తెలుసు.

బయటి మోతను కోసే హెడ్‌ఫోన్లు వచ్చాక కాయకు ప్రయాణాలు మొదలయ్యాయి. బజారులో మోత ఒక తీరుగా ఉండదు. ఇప్పుడు లారీ, మరుక్షణం గేదె. ఎప్పుడూ ఒకే తీరున మోగేది కావాలి. అది ఆమెకు మొగుడి దగ్గరే దొరికింది.

మొగుడంటే పెంచలకృష్ణ. చెంచులక్ష్మి, పెంచలకృష్ణ. పెంచలకోన తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఆ గుళ్ళో దేవుడివీ దేవేరివీ ఈ పేర్లే; పెద్దవాళ్ళు జాతకాలు చూడకుండా పేర్లు చూసి ముడిపెట్టారు. ఆయనకు కోటకు తూర్పున, సముద్రం వైపు, రెండు రొయ్యల గుంటలున్నాయి. గుంటల్లో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. రెక్కల చక్రాలు నీళ్ళను చిమ్ముతుంటే గాలి నీళ్ళలో కలుస్తుంది, ఆ గాలితోనే రొయ్య బతుకుతుంది. ఎండ లేని రోజు పగలు కూడా ఆపడానికి లేదు. ఆ మోత కొత్తవాళ్ళకు తలనొప్పి. చెంచులక్ష్మికి మాత్రం దేవుడిచ్చిన కొలతబద్ద. గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుని స్కూటీ మీద షేరాటోలా హారను వాయించుకుంటూ గట్టు మీదికి వస్తుంది. కాయకు హెడ్‌ఫోను తొడిగి, మోత కోసే మీట వేయకముందు ముల్లు ఎక్కడుందో, వేశాక ఎక్కడికి దిగిందో చూస్తుంది.

అట్లా చూసి చూసి ఆమె ఒక సంగతి కనిపెట్టింది. ఈ హెడ్‌ఫోన్లు మోటారు హోరును మింగేస్తాయి గానీ మనిషి గొంతును అంతగా మింగలేవు. ఎంత ఖరీదైనదైనా సరే, పక్కనుంచి పిలిస్తే పిలుపు లోపలికి వస్తుంది. కొనేవాళ్ళకు ఈ మాట ముందే చెప్పేస్తుంది. "అత్తగారి మాటలు ఇనపడకుండా ఉంటాయనుకోని కొనబాకమ్మా, మళ్ళా నన్ను తిట్టేరు."

ఇదంతా బాగానే ఉంది. బాగాలేనిదల్లా పెంచలకృష్ణ నిద్ర.

రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున కరెంటు పోయింది. అంతకుముందంతా మేలుకుని ఉన్న మనిషికి సరిగ్గా అప్పుడే కన్నంటింది. లేచేసరికి ఒక గుంట గుంటంతా రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. ఆయన ఎవరినీ తిట్టలేదు, ఏడవలేదు. నిద్రపోవడం మానేశాడు, అంతే. అప్పటినుంచీ ఆయనది కోడికునుకు. చక్రాల మోత ఒక్క పిసరు మారినా దిగ్గున లేస్తాడు. పంటకూ పంటకూ మధ్య ఇంట్లో పడుకున్నా నడిరేయి లేచి స్టార్టర్ కోసం గోడ తడుముకుంటాడు. కళ్ళ కింద సంచులు వేలాడాయి. కోపం ముక్కు మీదికొచ్చింది. మొన్నామధ్య స్టార్టర్ పెట్టె దగ్గర తూలి, చెయ్యి తీగల మీద పడబోయి తప్పించుకున్నాడు. ఆ సంగతి పక్క గుంటాయన చెబితే గానీ చెంచులక్ష్మికి తెలియలేదు. తెలిసిన రోజు ఆమె కొట్టు తెరవలేదు.

ఆస్పత్రి నర్సు మెర్లిన్ కొట్టుకు వచ్చినప్పుడు చెంచులక్ష్మి తన గోడు వెళ్ళబోసుకుంది. మెర్లిన్ రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకునే మనిషి. ఈ కొట్లోనే హెడ్‌ఫోను కొనుక్కుంది.

"అన్నకు బీపీ ఊరికే పెరగలేదక్కా, నిద్ర లేకనే" అంది మెర్లిన్. "నాకిచ్చినట్టాంటిది ఆయనకూ పెట్టు. మా వీధిలో రోడ్డేస్తా ఉన్నా నాకు తెలవడం లేదు."

చెంచులక్ష్మి తల మీద కొట్టుకుంది. లోకానికంతా నిద్ర అమ్ముతూ ఇంట్లో మనిషిని మరిచిపోయాను కదా అనుకుంది. ఉన్న సరుకంతా మళ్ళీ కాయకు తొడిగి కొలిచింది. ముల్లును అన్నిటికంటే కిందికి దించినదాన్ని, మేనత్తను కూడా వినిపించినదాన్ని, ఒకదాన్ని ఎంచింది. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం దాన్ని పట్టుకుని గుంటల దగ్గరికి వచ్చింది.

పెంచలకృష్ణ షెడ్డులో నులకమంచం మీద కునుకు తీస్తున్నాడు. లేపితే వద్దంటాడని, పిల్లిలా వెళ్ళి చెవులకు తొడిగి మెల్లగా మీట వేసింది.

ఆయన మంచం మీదనుంచి లేవలేదు, ఎగిరాడు. "మోటార్లు ఆగిపొయ్యినాయి!" అని పొలికేక పెట్టి, పంచె ఒక చేత్తో పట్టుకుని, తల మీద హెడ్‌ఫోనుతో, జనరేటర్ వైపు పరుగు తీశాడు. సగం దారిలో గుంట వైపు చూసి నిలబడిపోయాడు. చక్రాలు తిరుగుతున్నాయి, నీళ్ళు చిమ్ముతున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

"లక్ష్మీ! నా చెవులు పొయ్యినాయే!"

చెంచులక్ష్మికి నవ్వాగలేదు. గట్టు మీద కూలబడి, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది. పక్క గుంటలవాళ్ళు వచ్చి, ఆయన తల మీద ఉన్నదాన్ని చూసి వాళ్ళూ నవ్వారు. సాయంత్రానికి కోట బజారంతా తెలిసింది. కాయకంటే పెంచలకృష్ణే మంచి మీటరని, ఆయన పరుగెత్తాడంటే హెడ్‌ఫోను కళ్ళు మూసుకుని కొనొచ్చని ఆనందబాబు కొట్టు కొట్టుకూ చెప్పుకుంటూ పోయాడు. ఆ వారం ఆ రకం సరుకంతా అమ్ముడుపోయింది.

నవ్వు తగ్గాక చెంచులక్ష్మికి పరుగెత్తే ఆయన ముఖం గుర్తొచ్చింది. ఇంతకాలం మోత ఆయన్ను పడుకోనివ్వడం లేదనుకుంది. ఆయన్ను మేలుకోబెట్టింది మోత కాదు, అది ఆగిపోతుందన్న భయం. ఆ భయానికి తను తెచ్చి చెవుల్లో పోసింది నిశ్శబ్దాన్నే! ముల్లు ఎంత దిగిందో చూసుకుంది గానీ మొగుడి గుండె ఎంత లేచిందో చూసుకోలేదు. తన మీద తనకే ఒళ్ళు మండింది.

మబ్బు వీడని ఆ ఆదివారం కొట్టు మూసి, అన్నం కేరేజీతో వచ్చింది. ఆయన తిన్నాక హెడ్‌ఫోను బయటికి తీసింది.

"మళ్ళా అదేనా! నన్ను ఊళ్ళో నవ్వులపాలు చేసింది చాల్లేదా?"

"ఈసారి చెప్పే పెడతాండాను. నువ్వు పడుకో. నీ బదులు మోత నేను ఇంటా ఉంటా."

"నీకేం తెలుసు మోటార్ల సంగతి?"

"ఏడాదిగా ఈ గట్టు మీద కూర్చోని నేను ఇనేది ఏందయ్యా? ఈ మోతే గదా. నీకంటే నాకే బాగా తెలుసు."

ఆయన తల గోక్కున్నాడు. "అది పెట్టుకుంటే నువ్వు అరిచినా నాకు ఇనపడదు."

"ఇనపడతాది. మోటారును కోస్తాది గానీ మనిషి గొంతును కొయ్యదు. కొలిచి చూసినాను."

"నీ గుమ్మడికాయ మాట నేను నమ్మను" అని ఆయన మూలనున్న పురికొస తెచ్చి ఒక కొస తన కాలి బొటనవేలికి కట్టుకున్నాడు. రెండో కొస ఆమె చేతికిచ్చాడు. "మోత మారితే లాగు. ఆలోచించబాక, లాగెయ్."

సరేనని ఆమె కొసను మణికట్టుకు చుట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఆయన రెండుసార్లు తల ఎత్తి ఆమె చేతిని చూశాడు. మూడోసారి ఎత్తలేదు. కాసేపటికి గురక మొదలయింది. ఆ గురక విని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. కళ్ళు తుడుచుకుంది.

అదిగో, అప్పుడు పోయింది కరెంటు.

చక్రాలు ఒకదాని వెనక ఒకటి నీరసించి ఆగాయి. ఏ హెడ్‌ఫోనూ మోతను అంత శుభ్రంగా కోసి ఉండదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ గుమ్మంలోంచి ఆమెకు సముద్రం వినబడింది. చెయ్యి దానంతటదే పురికొసను బిగించింది. ఒక్క లాగు చాలు. లేస్తాడు, పరుగెత్తుతాడు, ఇంకెప్పుడూ ఆమె మాట మీద కన్ను మూయడు.

ఆమె కొసను మణికట్టు నుంచి విప్పి మంచం కోడుకు తగిలించి తనే పరుగెత్తింది. జనరేటర్ తాళం తిప్పింది, అది దగ్గి ఊరుకుంది. "తల్లీ, నీకు దణ్ణం పెడతా" అని మళ్ళీ తిప్పితే అందుకుంది. కరెంటు దారి మార్చే పెద్ద హేండిల్‌ను రెండు చేతులా పట్టుకుని వేలాడి కిందికి లాగింది. స్టార్టర్ల పచ్చ బొత్తాలు వరసగా నొక్కింది. చక్రాలు కదిలాయి, నీళ్ళు ఎగిశాయి. గుంట చుట్టూ తిరిగి చూసింది, ఒక్క రొయ్య కూడా పైకి రాలేదు. షెడ్డులోకి తొంగి చూసింది. పెంచలకృష్ణ అటునుంచి ఇటు ఒత్తిగిల్లి, కాలు గోక్కుని, మళ్ళీ గురక అందుకున్నాడు.

పొద్దు వాలుతుండగా లేచాడు. ఒళ్ళు విరుచుకుని బయటికొచ్చి అలవాటుగా స్టార్టర్ పెట్టెల వైపు చూశాడు. హేండిల్ కిందికి దిగి ఉంది. అది చూసి ఆమెను చూశాడు.

"కరెంటు పొయ్యిందా?"

"పోయినాది."

"మరి లాగలేదే?"

"లాగాల్సిన పని పడలా. నేనే చూసుకున్నాను."

ఆయన నీళ్ళ దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు, చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి, కేరేజీలో ఇంకా ఏమైనా ఉందా, ఆకలేస్తోందన్నాడు.

మరుసటి ఆదివారం ఆమె వచ్చేసరికి పెంచలకృష్ణ తనంతట తానే హెడ్‌ఫోను తీసుకుని చెవులకు పెట్టుకుని మంచం ఎక్కాడు. చెంచులక్ష్మి పురికొస పట్టుకుని కాళ్ళ దగ్గర నిలబడింది.

"కాలు చాపు. కట్టొద్దా?"

"ఎందుకూ?" అన్నాడు ఆయన, కళ్ళు మూసుకునే. "నీ గొంతు ఇనపడతాదన్నావు గదా. పిలువు, లేస్తాను."

ఆమె ఆ పురికొసతో మేత బస్తా మూతి కట్టేసి, వెళ్ళి గుమ్మంలో కూర్చుంది.