పెత్తరమాస ముందు పెట్టిన మేళా

సుమంత్ నోట్ల మట్టి కొట్టమని నేను మొక్కని దేవుడు లేడు. ముందే చెప్తున్న, నేను పెద్ద మంచిదాన్నేం కాదు. నా పేరు మనోరమ, అశోక్ నగర్‌ల కోచింగ్ పిల్లలకు మెస్ నడుపుత. నా పప్పుల ఉప్పెక్కువైందన్నోళ్లను మర్చిపోత గని, నా మొగని అవమానం చేసినోణ్ని మర్చిపోయే రకం కాదు.

మా ఆయన విఠల్‌ది కవాడిగూడల లేత్ షాపు. ఇనుప కడ్డీని తిప్పుకుంట చెక్కి, వెంట్రుక మందం తేడా కూడ రాకుంట మెషిన్ల పార్టులు చేసే పని. గసొంటి షాపులు అప్పట్ల మా దిక్కు గల్లీ గల్లీకి ఉండె. అయినా ఒకరి మొఖం ఒకరికి తెల్వకపోతుండె. కొత్త మెషిన్ చూడాలంటే బొంబాయన్న పోవాలె, కోయంబత్తూరన్న పోవాలె. మా ఆయనకు ఒక ఆలోచనొచ్చింది. దసరకు ఆయుధ పూజ చేస్తం గద. కొత్త మెషిన్ కొన్నోడెవడైనా ఆ దినమే దానికి బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి మొదటిసారి నడిపిస్తడు. అంటే కొనేటోళ్లందరు దసర ముందు వారమే కొంటరు. మరి అమ్మేటోళ్లను ఆ వారం ఇక్కడికే పిలిస్తే అయిపాయె గద అన్నడు.

చిక్కడ్‌పల్లిల మెషిన్ల మేళా పెట్టనీకి ఒక పెండ్లిండ్ల హాలు మాట్లాడిండు. మొదటి ఏడు ఏముండె, నాలుగు టేబుళ్లేసి కొలత పనిముట్లు, డ్రిల్లు బిట్లు పరిచిండ్రు. ఒక్క మెషిన్ వచ్చింది, దాని చుట్టే అందరు ప్రదక్షిణలు. నేను మెస్ బంద్ పెట్టి అందరికీ పులిహోర, పెరుగన్నం చేసిన. పెండ్లనుకోని లోపలికొచ్చి, కడుపునిండ తిని, పెండ్లిపిల్ల ఏదని అడిగిపోయినోళ్లు కూడ ఉన్నరు. మరుసటి ఏడు పుణె నుంచి వచ్చిండ్రు, ఆ మీదటేడు రాజ్‌కోట్ నుంచి వచ్చిండ్రు. బరువు మెషిన్లు దించితే హాలు బండలు పగిలినయ్, ఓనర్ లొల్లి పెట్టిండు. దాంతోని మేళా నారాయణగూడల ఒక బడి గ్రౌండ్‌కు మారింది, టెంట్లు లేసినయ్. కంప్యూటర్‌తోని నడిచే మెషిన్లు వచ్చినంక, మందుల కంపెనీలోళ్లు, విమానాల పార్టులు చేయించుకునేటోళ్లు కూడ కార్లేసుకోని వచ్చుడు మొదలైంది. వాళ్లు షాపులోళ్లకు పని ఇచ్చేది, షాపులోళ్లు ఆ పని కోసం మెషిన్లు కొనేది. అన్నీ ఆ టెంట్ల కిందనే.

అప్పుడు దొరికిండు మాకీ సుమంత్. నారాయణగూడ పోరడే, ఇంజనీరింగ్ చదివిండు. పెద్ద కంపెనీలతోని ఇంగ్లీషుల మాట్లాడనీకి మా ఆయనే పిలిచి పెట్టుకున్నడు. నా చేతి అన్నం తిన్నడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడు అంటే ఏందో వాణ్ని చూసినంకనే నాకు తెలిసింది. మేళా పేరును సప్పుడు గాకుంట తన కంపెనీ మీద రిజిస్టర్ చేయించుకోని, హైటెక్ సిటీ అవతల ఏసీ హాలుకు తీస్కపోయిండు. పోనీ, పెద్దగయితుంది గద అన్నడు మా ఆయన.

ఆ ఏసీ హాల్ల మొదటి దినం మా ఆయనకు నేనే తెల్లంగి ఇస్త్రీ చేయించి తొడిగించిన. రిబ్బన్ ఈయనే కట్ చేస్తడనుకున్నం. సుమంత్ నవ్వుకుంట వచ్చి, కత్తెర పెట్టిన పళ్లెం తెచ్చి ఈయన చేతుల పెట్టిండు.

"అంకుల్, జర పట్టుకోండి, పెద్ద సార్ వస్తున్నరు."

మేళాను పుట్టించినోడు పళ్లెం పట్టుకోని నిలబడ్డడు. ఆ పెద్ద సారెవరో మా ఆయన మొఖం కూడ చూడకుంట కత్తెర తీసుకున్నడు. ఫోటోల ఈయన చేతులొక్కటే పడ్డయ్. ఇంటికొచ్చి తెల్లంగి విప్పి, మళ్ల లేత్ షాపుకు పోయిండు. ఆ మీదట మేళా దిక్కు పోనే పోలే. నా కడుపుల మాత్రం ఆ దినం పెట్టిన మంట ఆరలే. ఆ మేళా మళ్ల మా ఆయన చేతికి రావాలె, దాన్ని ఆ సుమంత్ కండ్లార చూడాలె. నాకు కావాల్సింది గంతే.

పోయినేడు దేవుడు విన్నడు. దసర తొమ్మిది దినాలు ఆ ఏసీ హాలును దాండియా ఆటలోళ్లు ఎక్కువ కిరాయి పెట్టి తీసుకున్నరు. సుమంత్ ఏం చేసిండు, మేళాను ముందుకు జరిపి పెత్తరమాస ముందటి పక్షంల పెట్టిండు. చచ్చిపోయిన పెద్దలకు బియ్యమిచ్చే దినాలు! ఆ పక్షంల మేం కొత్త చీపురు కట్ట కూడ కొనం. ఇంక మెషిన్ ఎవడు కొంటడయ్య?

మేళా తారీకులు అచ్చేసిన కాగితం చూసి నేను మెస్‌లనే చప్పట్లు కొట్టిన. ఉరికి పోయి మా ఆయనకు చూపించిన. చదివి, మడతబెట్టి, ఛాయ్ పెడ్తవా అన్నడు. నాకు ఒళ్లు మండింది. ఉప్పు కారం తింటలేవా, పౌరుషం లేదా, కుక్కిన పేను లెక్క ఎన్ని దినాలుంటవని నోటికొచ్చినట్టు తిట్టిన. నీకేం చెయ్యాల్ననిపిస్తే అది చెయ్ అన్నడు. గంతే చాలు నాకు. చిక్కడ్‌పల్లి పాత హాలునే దసర వారానికి మాట్లాడిన, ఇప్పుడు దాని కింద గట్టి పార్కింగ్ ఉన్నది, మెషిన్ల బరువుకు ఢోకా లేదు. షాపులోళ్లందరికీ నేనే ఫోన్లు చేసిన. విఠలన్న మేళా మళ్ల పెడ్తున్నడంటే, అరే, వస్తం వదినా అన్నోళ్లే అందరు.

పక్షాలల్ల సుమంత్ మేళాకు పనిగట్టుకోని పోయిన, చూడాలె గద. మెత్తటి తివాచీలు, చల్లటి ఏసీ, మనుషులు లేరు. కాలేజీ పిల్లలు ఫ్రీ పెన్నులు, సంచులు జమ చేసుకుంట తిరుగుతున్నరు. అమ్మేటోళ్లు ఫోన్లు చూసుకుంట కూసున్నరు. నేను ఆడ్నే ఒక ఐస్‌క్రీం కొనుక్కోని, కుర్చీ ఏసుకోని నిమ్మళంగ తిన్న. అంత రుచైన ఐస్‌క్రీం నా జన్మల తినలే.

ఆ అమ్మేటోళ్లే, కొనేటోళ్లు ఈడున్నరని తెలిసి, దసర వారం మా హాలుకు లారీలు తెచ్చిండ్రు. పార్కింగ్ నిండి మెషిన్లు రోడ్డు మీదికొచ్చినయ్. పెద్ద కంపెనీలోళ్లు కూడ వచ్చిండ్రు. బొట్లు పెట్టించుకోనీకి ఏ మెషిన్ ఎవరి షాపుకు పోవాల్నో అక్కడనే ఖాయమైతున్నది. రెండో దినం పొద్దుగాల సుమంత్ వచ్చిండు. గడ్డం పెరిగింది, మొఖం పీక్కపోయింది. ఇన్నేండ్లు కూడబెట్టుకున్న తిట్లన్నీ నాలుక మీద పెట్టుకోని నిలబడ్డ. వాడు నన్ను దాటుకోని సీదా మా ఆయన టేబుల్ దగ్గరికి పోయిండు.

"అంకుల్, నేను మీకు ఫోన్ చేసి అడిగిన గద, పక్షాలల్ల పెడితే మన షాపులోళ్లు వస్తరా అని. గవన్నీ ఇప్పుడెవరు చూస్తున్నరు, ధైర్యంగ పెట్టుకో అన్నది మీరే గద."

 మా ఆయన అబద్ధమంటడని చూసిన.

"అవును, నేనే చెప్పిన," అన్నడు మా ఆయన. "కూసో, ఛాయ్ తాగు."

సుమంత్ కూసోలే. షాపులోళ్లందరు చూస్తుండంగ తలకాయ వంచుకోని మెట్లు దిగిపోయిండు. కంపెనీలోళ్లు ఒక్కరు కూడ వాని ఎంబడి పోలే.

పోయి మా ఆయన పక్కన కూలబడ్డ. ఫోన్ ఎప్పుడు చేసిండని అడిగిన. ఎండాకాలంల అన్నడు. మరి నాకెందుకు చెప్పలేదయ్య, గన్ని తిట్లు తిట్టించుకుంటివి అన్న.

"నీకు చెప్తే అశోక్ నగర్ మొత్తానికి తెలుస్తుండె. వాడు తారీకు మార్చుకుంటుండె," అన్నడు.

మెల్లగ, పని చేసినప్పటి లెక్కనే, ఒక్క మాట ఎక్కువ లేకుంట చెప్పిండు. ఇన్నేండ్ల కాపురంల ఈ మనిషి మీద నాకు గంత ముద్దు ఎన్నడు రాలే. ఎవరు చూస్తే చూడనీ అని, అందరి నడుమ ఆయన చెయ్యి గట్టిగ పట్టుకోని కూసున్న.