పూజగదిలో నియాన్ వేల్

2004 ఎండాకాలం. తమిళనాడు ధర్మపురిలో అంగళ్ళకు నియాన్ బోర్డులు కట్టడం నా పని. పాలక్కోడు రోడ్డులో కాఫీ అంగడి మూసేసిన మునిరాజు, దాని బోర్డు మీది వేల్‌ను, అంటే మురుగన్ చేతి ఈటెను, ఇంటికి తెచ్చి పూజగదిలో తగిలించుకున్నాడు. "ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటాదన్నా, వచ్చి చూడు" అని నన్ను పిలిచాడు.

చూడగానే ఒళ్ళు మండింది. నియాన్ గొట్టం వెలగడానికి ట్రాన్స్‌ఫార్మర్ అనే పెట్టె ఇంటి కరెంటును వేల వోల్టులకు పెంచుతుంది. అందుకే బోర్డు చెయ్యి అందని ఎత్తులో ఉండాలి, దాని ఇనుప చట్రానికి ఎర్త్ ఉండాలి. చట్రంలోకి కారిన కరెంటును మట్టిలోకి దించే తీగ అది. ఇంట్లో గోడ సాకెట్‌కు రెండే రంధ్రాలు కదా అని ఎవడో మహానుభావుడు ఆ మూడో తీగను కత్తిరించి పారేశాడు.

మునిరాజు తల్లి గోవిందమ్మ మాత్రం నన్ను దొంగను చూసినట్టు చూసింది.

"అది కరెంటు కాదు నాయనా, సామి. చెయ్యి పెడితే పలుకుతాడు."

"అవ్వా, అది చంపుతాది. తడిచేత్తో ముట్టుకున్నావంటే అంతే."

"మా ఆయన పోయినాక ఈ ఇంట్లో నన్ను పలకరించేది ఇదొక్కటే. దీన్నీ ఆపేస్తావా?"

అయినా ప్లగ్గు కోసేశాను. ఎర్త్ గుంత తవ్వించండి, సోమవారం వస్తాను, అంతవరకు ఎవరూ దాని జోలికి పోవద్దు అని గట్టిగా చెప్పి వచ్చాను.

శుక్రవారం కొడుకు పనికి పోయాక ఆమె పక్కింటివాణ్ణి బతిమాలి కొత్త ప్లగ్గు వేయించుకుంది. తలకు పోసుకుని, తడి చీరతోనే వేల్‌కు చందనం పెట్టబోయింది. కబురు తెలిసి నేను పోయేసరికి వసారాలో పడుకోబెట్టి ఉన్నారు.

"ఎంత పుణ్యం చేసిందో! పూజలోనే సామి పిలుచుకున్నాడు" అంటున్నారు వచ్చిన ఆడవాళ్ళు. గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరిచేది?

కర్మలయ్యాక మునిరాజు మళ్ళీ పిలిచాడు. "ఎర్త్ పెట్టి వెలిగించి ఇయ్యన్నా. అమ్మ గుర్తుగా ఉంటాది."

నేను నోరు తెరిచేలోగా అతని భార్య శాంత అడ్డొచ్చింది.

"వద్దన్నా, ఎత్తుకొని పో. అత్త పలుకుతాదేమోనని నేనూ రెండుతూర్లు స్విచ్చేసి చెయ్యి పెట్టి చూసినాను."

మేకులు ఊడదీసి వేల్‌ను ఎత్తుకొచ్చేశాను.

అప్పటి నుంచి ఇంట్లోకి నియాన్ అడిగినవాళ్ళకు తీగల సంగతి తర్వాత చెబుతాను. దాన్ని ముట్టుకోవాలనుకునేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారని ముందు అడుగుతాను. ఉన్నారంటే బోర్డు పెట్టను, ఎంత తిట్టినా సరే.