అద్దాల బోగీలో మూడో సీటు

విశాఖపట్నం చూడడానికి విజయవాడ నుంచి మద్రాసు వెళ్ళి ఓడెక్కుతున్నామంటే మా అపార్ట్‌మెంట్‌లో నవ్వని మనిషి లేడు. తల చుట్టూ చేయి తిప్పి ముక్కు పట్టుకోవడమంటే ఇదేనన్నారు. నిజమే. భవానీపురంలో పొద్దున్నే ఆటో ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి విశాఖలో ఉండొచ్చు. కానీ సముద్రం మీద తిరగాలన్నది మా ఆడపడుచు ముచ్చట. ఆ ఓడ మద్రాసులో బయల్దేరి, ఒక పగలంతా విశాఖ రేవులో ఆగి, మళ్ళీ మద్రాసు చేరుతుంది. నాకు ఓడా అక్కర్లేదు, సముద్రమూ అక్కర్లేదు. రేవులో ఆగే ఆ పగలు ఒక్కటి చాలు. ఆ పగలు నేను అరకు రైలెక్కాలి.

మా ఆడపడుచు నాకన్నా చిన్నది. ఆమె భర్త థర్మల్ కరెంటు కేంద్రంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, ఇబ్రహీంపట్నంలోనే ఇల్లు కట్టుకున్నారు. మా ఆయన ఉన్న రోజుల్లో ఎక్కడికి వెళ్ళినా నలుగురం కలిసే వెళ్ళేవాళ్ళం. నలుగురన్నది సుఖమైన లెక్క. కారుకు సరిపోతుంది, హోటల్ బల్లకు సరిపోతుంది, రైల్లో పేకాటకు సరిపోతుంది. ఆయన పోయాక ముగ్గురమయ్యాం. అప్పటినుంచి ఏ హోటల్‌కు వెళ్ళినా నాలుగో కుర్చీలో మా ఆడపడుచు హ్యాండ్‌బ్యాగు కూర్చుంటోంది.

ముగ్గురితో ఇంకో ఇబ్బంది ఉంది. మా వైపు ముగ్గురు కలిసి గడప దాటరు. వెళ్ళిన పని చెడుతుందంటారు. దానికి విరుగుడూ మాకు తెలుసు. ఇద్దరు ముందు బయల్దేరతారు, మూడో మనిషి కాసేపు ఆగి వెళ్ళి వీధి మలుపులో వాళ్ళను కలుస్తారు. ఆ మూడో మనిషి ఎవరన్న చర్చ మా మధ్య ఎప్పుడూ రాలేదు. మొగుడూ పెళ్ళాలను విడదీసి పంపరు కదా. పోనీ నేనే ముందు నడుద్దామంటే, భర్త పోయిన మనిషి ప్రయాణానికి ముందు నడవడం మరో తంటా. ఈ మాట మా ఆడపడుచు ఏనాడూ అనలేదు. అనేంత చెడ్డది కాదు. ఆమె అనకముందే నేనే వెనకపడేదాన్ని. తలుపు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళేసరికి వాళ్ళు పాల బూత్ దగ్గర నిలబడి ఉండేవాళ్ళు.

ఇక ఆ రైలు సంగతి. చాలా ఏళ్ళ కిందట మేం నలుగురం మామూలు పెట్టెలో అరకు వెళ్ళాం. కొండలు మొదలయ్యాక ఒకదాని వెంట ఒకటి సొరంగాలు వస్తాయి. సొరంగంలోకి వెళ్ళగానే పెట్టెంతా కేకలు వేస్తుంది. అది ఆ దారిలో ఆచారం. పిల్లలే కాదు, మీసాలు నెరిసినవాళ్ళూ అరుస్తారు. మా ఆయన వన్ టౌన్‌లో హోల్‌సేల్ చీరల కొట్టు నడిపిన మనిషి. బేరం ఎంత ముదిరినా గొంతు పెంచేవారు కాదు. ఇంట్లో నన్ను పిలవాల్సి వచ్చినా నేనున్న గదిలోకి వచ్చి పిలిచేవారు. అలాంటి మనిషి, మొదటి సొరంగంలో చీకటి కమ్మగానే, నా చెవి పక్కనే "ఓ..." అని అరిచారు.

"ఊరుకోండి, జనం చూస్తారు" అన్నాను.

"చీకట్లో ఎవరు చూస్తారే?" అన్నారు.

వెలుతురులోకి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అరకు చేరేదాకా ఏ సొరంగాన్నీ వదల్లేదు.

నాకూ అలా ఒక్కసారి అరవాలని ఉంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయినప్పుడు ఏడవలేదా అంటే ఏడ్చాను. పదిమందిలో, పదిమంది ఏడ్చినట్టే ఏడ్చాను. మధ్యలో లేచి ఎవరికి కాఫీ అందలేదో కూడా చూశాను. అరవడం వేరు. ఫ్లాట్‌లో అరవడానికి వీల్లేదు. ఒకరోజు కుక్కర్ కూత వేస్తున్నప్పుడు చాటుగా ఒక కేక వేసి చూశాను. అది గొంతు దాటిందో లేదో, పక్క ఫ్లాట్ అమ్మాయి బెల్లు కొట్టింది.

"ఏమైందాంటీ? బల్లి గానీ మీద పడిందా?"

అవునమ్మా, బల్లే అన్నాను. ఒంటరి ఆడది గట్టిగా అరిస్తే దానికి బల్లయినా కారణం కావాలి, పిచ్చయినా కారణం కావాలి. అరిచినా ఎవరూ తిరిగి చూడని చోటు నాకు తెలిసి ఆ సొరంగాలే.

రేవులో దిగినవాళ్ళకు ఊరు చూపించడానికి ఓడవాళ్ళే బస్సులు పెడతారు. సింహాచలం, కైలాసగిరి, బీచ్, సబ్‌మెరైన్ అన్నీ ఉన్నాయి. అరకు రైలు లేదు. ఫోన్ చేస్తే ఒకమ్మాయి తేనె పూసినట్టు మాట్లాడింది. "అది మా ప్యాకేజీలో ఉండదు మ్యామ్. మీరే బుక్ చేసుకోవాలి. మీరు టైముకు రాకపోతే ఓడ ఆగదు మ్యామ్" అంది. మహాభాగ్యం అనుకున్నాను. పైకి రైల్లో వెళ్ళి, కిందికి కారులో దిగితే చీకటి పడకముందే రేవుకు చేరొచ్చు. కారు మాట్లాడేశాను. ఇక టిక్కెట్లు తీయాలి.

ఆడపడుచు భర్తను నేను అన్నయ్యగారని పిలుస్తాను. ఆయనకు నా ఏర్పాటు నచ్చలేదు. "అక్కయ్యగారూ, ఓడ లేటయితే రైలు పోద్దండి. రైలు లేటయితే ఓడ పోద్దండి. ఓడింకా కదల్నే లేదు, మీరప్పుడే కొండెక్కేశారు. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టుంది" అన్నారు.

"పోతే నా టిక్కెట్టే పోద్దిలెండి అన్నయ్యగారూ. నేనైతే తీస్తన్నా" అన్నాను. ఆయనతో అంత గట్టిగా మాట్లాడడం అదే మొదటిసారి. ఇద్దరూ ముఖాలు చూసుకుని, సరే మాకూ తియ్యమన్నారు.

ఇప్పుడు ఆ రైలుకు కొండలు బాగా కనపడేలా అద్దాల బోగీ తగిలిస్తున్నారు. దాని టిక్కెట్లు రిజర్వేషన్ తెరిచిన కాసేపటికే పప్పుబెల్లాల్లా అయిపోతాయట. ఆ పొద్దున స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అంతకుముందు మా ఇంట్లో టిక్కెట్లు తీసే పని మా ఆయనది. తర్వాత అన్నయ్యగారిది. నాది చీర మడతలు చూసుకుని వెనక నడిచే పని. ఆ రోజు ముగ్గురి పేర్లూ, వయసులూ నేనే వేశాను. మా ఆడపడుచు తన వయసు కాస్త తగ్గించి చెప్పింది. ఆధార్‌లో ఉన్నదే వేశానని ఆ తర్వాత రెండు పూటలు మాట్లాడలేదు. సీట్లు దొరికాయి. వాళ్ళిద్దరికీ పక్కపక్కన, నాకు నడవకు అవతల, కిటికీ దగ్గర. టిక్కెట్టు మెసేజ్ వాళ్ళ ఫోన్లకు పంపి, ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చాను. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరని అప్పుడు గుర్తొచ్చింది.

ఓడ గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు. మా గదిలో రెండు మంచాలు, గోడలోంచి కిందికి దించే బల్ల ఒకటి ఉన్నాయి. ఆ బల్ల నాది. నిచ్చెనెక్కి పడుకుంటే కప్పు ముక్కుకు తగిలేలా ఉంది. పై అంతస్తులో జంటలన్నీ ఫొటోలు దిగుతుంటే ఫోన్లన్నీ నా చేతికే వచ్చాయి. "ఆంటీ, ఒక్క ఫొటో!" అనేవారు. తీసిపెట్టాను. సముద్రం చుట్టూ ఒకేలా ఉంది. ఇంత నీళ్ళ మధ్య ఇంతమంది జనంలో నేను ఎవరికీ కావలసినదాన్ని కాదనిపించింది. ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. రేపటి సొరంగాల గురించి ఆలోచించుకుంటూ నిద్రపోయాను.

తెల్లవారకముందే ఓడ రేవులోకి వచ్చింది. అందరికన్నా ముందు తయారై కూర్చున్నాను. దిగే మెట్ల దగ్గర మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, ముగ్గురం ఒక్కసారే కాలు బయటపెట్టొద్దు. అసలే కొండదారి. మేం ముందు దిగుతాం, నువ్వు వెనకమాల రా" అంది.

"అట్టాగేలే, పదండి" అన్నాను. అలవాటైన నోరు అలవాటైన మాటే అంది.

వాళ్ళు దిగారు. మా వీధిలో అయితే తాళం వేసేంత సేపు ఆగేదాన్ని. ఇక్కడ తాళం లేదు కాబట్టి కొంగు సర్దుకుంటూ నిలబడ్డాను. అంతలో ఎర్రటోపీలు పెట్టుకున్న ఒక పెద్ద బృందం నాకూ మెట్లకూ మధ్య దూరింది. ఓడవాళ్ళిచ్చిన కార్డు ఒక్కొక్కరిదీ యంత్రానికి చూపించి దింపుతున్నారు. వాళ్ళలో సగం మంది కార్డులు గదుల్లోనే మరిచిపోయారు. చివరికి నేను కిందికి చేరేసరికి, రేవు గేటుదాకా తీసుకెళ్ళే బస్సు మావాళ్ళను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. రేవులో నడవనివ్వరు. రెండో బస్సు నిండేదాకా కదలనన్నాడు డ్రైవర్. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. మావాళ్ళు ఆగుదామన్నా గేటు దగ్గర ఆగనివ్వలేదట, స్టేషన్లో కలుద్దామని ఫోన్ చేశారు. ఓడకు పాల బూత్ ఎక్కడిది?

ఆటో దిగి, మెట్లెక్కి దిగి, ఆయాసపడుతూ ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళేసరికి రైలు చివరి పెట్టె నా కళ్ళముందే సాగిపోయింది.

కోపం వచ్చింది. ముందు డ్రైవర్ మీద, తర్వాత ఎర్రటోపీల మీద, తర్వాత ఆడపడుచు మీద. చివరికి నా మీద. ఇంత ఏర్పాటు చేసినదాన్ని, ఈ ఒక్కరోజుకు కలిసే దిగుదామన్న ముక్క ఎందుకు అనలేకపోయాను? బెంచీ మీద కూర్చున్నాను. ఓడకు తిరిగి వెళ్ళొచ్చు. వెళ్ళి ఏం చెయ్యాలి? ఫొటోలు తియ్యాలి. అక్కడే కూర్చున్నాను.

ఆడపడుచు ఫోన్ చేసింది. "ఏ పెట్టెలో ఎక్కావు వదినా?"

"ఎక్కలేదు."

ఆమె ఏడ్చింది. పక్క స్టేషన్లో దిగిపోతామంది. "ఎందుకమ్మాయ్, వెళ్ళిరండి" అన్నాను. నా సీట్లో బ్యాగులు పెట్టామనీ, ఎవర్నీ కూర్చోనివ్వననీ ఒట్టేసి చెప్పింది. మంచి పని చేశావన్నాను.

ఎండెక్కింది. రైళ్ళు వచ్చాయి, వెళ్ళాయి. టీ తాగాను. బాగా పొద్దెక్కాక మళ్ళీ ఫోన్ మోగింది.

"వదినా, కొండలొచ్చేసినయ్! సొరంగం వస్తంది. ఫోను పైకెత్తి పట్టుకుంటా, నువ్వు విను!"

చక్రాల చప్పుడు వినిపించింది. పిల్లలెవరో "వచ్చె, వచ్చె" అంటున్నారు. బోగీలో జనమంతా ఒక్కసారి కేక అందుకున్నారు. అంతే, లైను తెగిపోయింది. రైలు లోపలికి వెళ్ళింది.

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాను. "హలో" అన్నాను. ఎవరూ లేరు. ఇంకాస్త గట్టిగా "హలో" అన్నాను. ప్లాట్‌ఫారం మీద నాకు ఆ పక్కా ఈ పక్కా జనం ఫోన్లలో అరుస్తూనే ఉన్నారు. ఎక్కడున్నారనీ, ఏ బోగీ అనీ, అన్నం తిన్నావా అనీ. స్టేషన్లో ఫోన్ పట్టుకుని అరిచే మనిషిని చూసేవాళ్ళెవరు?

"ఏవండీ!" అని అరిచాను.

ఆయన పోయాక ఆ పిలుపు నా నోట్లోంచి రావడం అదే మొదటిసారి. కడుపులోంచి వచ్చింది. గొంతు బొంగురుపోయింది. మళ్ళీ అరిచాను. "ఏవండీ! వినపడతందా? ఏవండీ!" కళ్ళు ధారలు కడుతున్నాయి, తుడుచుకోలేదు. ఒక్కరూ తల తిప్పలేదు.

నేను ఆగాక, బెంచీకి ఆ చివర పేపరు చదువుతున్న పెద్దాయన పేపరు దించకుండానే అడిగారు.

"సిగ్నల్ అందట్లేదేటమ్మా?"

"లేదండీ" అన్నాను.